పొగ కోసం వచ్చిన అతిథులు

గనులు మూతపడిన తొలి సంవత్సరాల్లో మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వాళ్లకు ఒక అలవాటు పట్టుకుంది. ఊరికి ఏదైనా కొత్తగా వస్తోందంటే చాలు, అది బిస్కెట్ల ఏజెన్సీ అయినా సరే, ముందు దేవుడికి దండం పెట్టుకుని ఆ తర్వాతే అదేమిటని అడిగేవాళ్లం. ఊళ్లోంచి పోయేవే తప్ప వచ్చేవి లేని కాలం అది. అలాంటప్పుడు మా చిన్నమామ ఒక సంఘానికి శాఖా కార్యదర్శి అయ్యాడు, నేను ఆయన ఆఫీసులో టైపు కొట్టే అమ్మాయినయ్యాను. ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి వచ్చే పొగలో ఏమేం ఉన్నాయో కొలిచే ల్యాబుల వాళ్లు, ఆ కొలిచే పరికరాలు అమ్మేవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం. అందరూ ఒకే పద్ధతిలో కొలవాలని, కొత్తవాళ్లకు పని నేర్పాలని వాళ్ల ఉద్దేశం. అసలు పేరు నోరు తిరగనంత పొడుగు కాబట్టి ఊళ్లో అందరూ ‘పొగ సంఘం’ అనేసేవారు. (చిన్నప్పుడు ఆయాసంతో బడికి పోలేక, ఇంట్లో నాన్న దగ్గరే చదువుకుని ప్రైవేటుగా పరీక్ష కట్టినదాన్ని నేను. దుమ్ము లేస్తే దగ్గే పిల్లకు దేవుడు చూసి చూసి పొగ సంఘంలో ఉద్యోగం ఇచ్చాడని అమ్మ నవ్వేది. నేను మాత్రం రోజూ ఆయనకు మనసులో నమస్కారం చెప్పుకునే ఆఫీసు తాళం తీసేదాన్ని.)

మామ గనుల ఆఫీసులో గుమస్తాగా చేసి, అవి మూసేశాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న మనిషి. గొట్టాలెక్కి పొగ కొలిచే పని నేర్పడానికి సంఘం ఒక శిక్షణ కేంద్రం పెట్టబోతోందనీ, అది హోసూరులోనా మా ఊళ్లోనా అన్నది ఇంకా తేలలేదనీ తెలిసిన నాటి నుంచి ఆయనకు మరో ధ్యాస లేదు. “తాతలు నిచ్చెన్లు పట్టుకొని భూమిలోకి దిగినారు, మనవళ్లు నిచ్చెన్లు పట్టుకొని ఆకాశంలోకి ఎక్కుతారు. నిచ్చెన మన పిల్లోళ్లకు కొత్తనా అమ్మీ?” అనేవాడు. ఎవరూ అడక్కుండానే ఒక పాత షెడ్డు ఊడ్పించి, సున్నం వేయించి, బెంచీలు సంపాదించాడు. గని కూలీల లైన్ ఇళ్ల అరుగుల మీద ఊరికే కూర్చునే కుర్రాళ్లందరికీ “ఇంగ మీరు బెంగళూరు రైలెక్కే పన్లేదు” అని మాట కూడా ఇచ్చేశాడు. నాకు అదే భయంగా ఉండేది.

చివరికి బెంగళూరు నుంచి సంఘం అధ్యక్షులు స్వయంగా వస్తామన్నారు. నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే గొట్టాలు ఇటువైపు ఉన్నాయో లేదో చూసి, అక్కడికక్కడే తేల్చేస్తామన్నారు. మామ బాగా ఆలోచించి బంగారుపేట పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీని ఎంచాడు. మామిడిపళ్ల కాలంలో దాని బాయిలర్ ఆగకుండా మండేది. రైల్లో పోయేవాళ్లు సైతం ఆ నల్లటి పొగ చూసి కిటికీలు దించుకునేవారు. దాని యజమానిని అందరూ గుజ్జు రెడ్డెన్న అనేవారు. పెట్టే చెయ్యి, ఆ దారిన పోయే మనిషికి రసం తాగించకుండా పంపడు. మామ ఆయన దగ్గరికి వెళ్లి, “రెడ్డెన్నా, పెద్దోళ్లు వస్తాండారు. మా ఊరి మర్యాద నీ చేతిలో ఉండాది. అంతా బాగుండాల” అని చెప్పాడు. “నాకు వదిలేయ్ సార్” అన్నాడు రెడ్డెన్న. మేము నిజంగానే వదిలేశాం.

ఆ రోజు అధ్యక్షులనూ, పరికరాల పెట్టెతో వచ్చిన టెక్నీషియన్‌నూ స్టేషన్లో దించుకుని జీపులో ఫ్యాక్టరీకి వెళ్లాం. గేటు దగ్గర మామిడాకుల తోరణం. లోపల షామియానా. పక్కనే తెల్లగా మెరిసిపోతూ, చేతికి అందినంత మేర బంతిపూల దండలు చుట్టుకుని, పెళ్లికొడుకులా నిలబడి ఉంది పొగగొట్టం. దానికి కూడా సున్నం కొట్టించాడు రెడ్డెన్న మహానుభావుడు! నేను ముచ్చటపడి పైకి చూశాను. ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. మామ కూడా పైకి చూశాడు. ఆయన ముఖం మాత్రం మెల్లమెల్లగా గోడకు కొట్టిన సున్నం రంగులోకి తిరిగింది.

“రెడ్డెన్నా, పొగ యాడప్పా?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఆర్పేసినా సార్!” అన్నాడు రెడ్డెన్న సంబరంగా. “తెల్లబట్టలేసుకొని పెద్దోళ్లు ఇంటికొస్తాంటే మొగాన పొగ కొడతామా? మాకు ఆ మాత్రం తెలీదా?”

“వాళ్లొచ్చిందే పొగ కోసం గదప్పా!”

“పొగ కోసమా?” రెడ్డెన్న మామను జాలిగా చూశాడు. “పొగ కోసం రైలెక్కి ఎవురన్నా వస్తారా సార్?”

ఇంతలో ఉత్సాహవంతుడైన టెక్నీషియన్ నిచ్చెనెక్కేశాడు. సున్నం ఇంకా పచ్చిగానే ఉన్నట్టుంది, ఆయన చేతులూ మోకాళ్లూ తెల్లబడ్డాయి. గొట్టానికి ఉన్న బెజ్జంలోకి పొడవాటి కడ్డీ దూర్చి, కింద మీటరు చూడమన్నాడు. అధ్యక్షులు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసి, “ఏన్రీ, ఏమీ లేదే?” అన్నారు కన్నడం కలిపి. “గాలి ఉండాది సార్, మంచి గాలి” అన్నాడు రెడ్డెన్న గర్వంగా. వెంటనే మంట పెట్టించమని మామ బతిమాలాడు. కానీ బాయిలర్ చూసే ఆయన లేకుండా దాన్ని ముట్టుకోకూడదు, సెలవిచ్చారు కదా అని ఆయన నంగలి అనే ఊళ్లో మరదలి పెళ్లికి వెళ్లాడు. మోటారు సైకిలు మీద మనిషిని పంపారు. ఈలోపు రెడ్డెన్న ఆకులు వేయించి, వేడి వేడి ఓళిగల మీద, అదే బొబ్బట్ల మీద, నెయ్యి పోసి, మామిడి రసంతో వడ్డించాడు. నా పక్కన కూర్చున్న మామ ముద్ద ఎత్తకుండా నావైపు అనుమానంగా తిరిగాడు.

“అమ్మీ, నువ్వేమన్నా మొక్కుకున్నావా?”

అబద్ధం ఆడలేక, “పొగ ఎక్కువ వస్తే పాపం రెడ్డెన్నకు ఇబ్బంది కదా మామా. కొంచెమే రావాలని మొక్కుకున్నాను” అన్నాను.

“కొంచెం అనే మాట గట్టిగా చెప్పాల్సింది తల్లీ!” అన్నాడు మామ. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. అంత కష్టంలో ఇద్దరం ఆకుల మీదికి తలలు వంచుకుని నవ్వాం.

నంగలి మనిషి రానేలేదు. రైలు వేళయింది. అధ్యక్షులు చెడ్డవారు కారు. చేతులు కడుక్కుని వచ్చి మామ భుజం మీద చెయ్యి వేసి, “కార్యదర్శిగారూ, ఇంత బాగా నన్నెవరూ చూసుకోలేదు. కానీ పని నేర్చుకునే పిల్లలకు పొగ కావాలి కదా. మీ దగ్గర గనులూ లేవు, ఈ పొగా లేదు. ఇక్కడికి తెచ్చి వాళ్లకు ఏం చూపిస్తాం చెప్పండి?” అన్నారు. ఆ పూట జరిగినదంతా మామ తట్టుకున్నాడు గానీ, ‘గనులూ లేవు’ అన్న ఆ మాట దగ్గర మనిషి కూర్చుండిపోయాడు.

బంగారుపేట స్టేషన్లో వాళ్లను ఎక్కించాం. రైలు కదిలింది. సరిగ్గా అప్పుడు ఊరికి అవతల, ఫ్యాక్టరీ వైపు చెట్ల మీదుగా, కాటుక లాంటి నల్లటి పొగ ఒక్కసారిగా లేచింది. అంత లావైన, అంత అందమైన పొగ నేను మళ్లీ చూడలేదు. “సార్! పొగ! అదిగో సార్, పొగ!” అంటూ మామ అటు చెయ్యి చూపిస్తూ రైలు వెంట పరిగెత్తాడు. తలుపు దగ్గర నిలబడిన అధ్యక్షులు అది వీడ్కోలు అనుకుని, ఎంతో ఆప్యాయంగా తిరిగి చెయ్యి ఊపారు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా ఇద్దరూ ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటూనే ఉన్నారు.

కేంద్రం హోసూరుకు పోయింది. కొన్నాళ్లకు మా శాఖ ఆఫీసూ మూసేశారు. మామ మాట నమ్మి కూర్చున్న కుర్రాళ్లు ఒక్కొక్కరే తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కడం మొదలుపెట్టారు. వాళ్లు ఎదురైతే మామ రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేవాడు. రెడ్డెన్నను మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. “మనల్ని మనుషులని ఎంచి మర్యాద చేసినాడమ్మీ, దానికి కోపమా?” అనేవాడు. మామ పోయి చాలా ఏళ్లయింది. నాకు ఆ తర్వాత కూడా దేవుడు అన్నం పెట్టే పనులే చూపించాడు, ఏ లోటూ చెయ్యలేదు. అయినా, నంగలి పెళ్లి ఒక్క రోజు అటో ఇటో జరిగి ఉంటే ఆ కుర్రాళ్లలో కొందరైనా ఊళ్లోనే ఉండేవారేమో అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఈమధ్య బెంగళూరు పోతూ రైలు కిటికీలోంచి చూశాను. ఫ్యాక్టరీ ఉంది, గొట్టం ఉంది, పొగ లేదు. ఏదో కొత్త రకం బాయిలర్ పెట్టారట. ఊరి పిల్లలు మంచి గాలి పీలుస్తున్నందుకు చేతులెత్తి మొక్కాల్సిన విషయం. మొక్కాను కూడా. కానీ మొక్కుతున్నంతసేపూ, దేవుడు నన్ను క్షమించుగాక, నా కళ్లు ఆ శుభ్రమైన ఆకాశంలో ఒక్క నల్లటి చార కోసం వెతుకుతూనే ఉన్నాయి.