ఉల్లిగడ్డ లేని రొట్టె

కుడి భుజం పట్టేసిన ఏడాది నేను పాఠాలన్నీ బోర్డు కింది సగంలోనే రాశాను. యాలాల్ దగ్గర చిన్న బడి మాది. పై సగం నల్లగా అలాగే ఉండిపోయేది. రాసుకునేది తగ్గింది కాబట్టి పిల్లలకు పండగే, నాకే ఒళ్లు మండేది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. జడ వేసుకోవాలంటే ఏడుపొచ్చేది. పొద్దున జొన్నరొట్టె కొట్టబోతే మొదటి దెబ్బకే భుజంలో మేకు దిగినట్టుండేది.

అన్నింటికన్నా బెంగ ఆ రొట్టెల గురించే. మా అత్తమ్మ దౌల్తాబాద్ వైపు గొర్రెలు కాసిన ఇంటి మనిషి. మందను మా మరిదికి అప్పగించి తాండూరులో మా దగ్గరికి వచ్చినా ఆమె తిండి మారలేదు. చేత్తో కొట్టిన జొన్నరొట్టె, పక్కన బండ మీద పెట్టి పిడికిలితో పగలగొట్టిన ఉల్లిగడ్డ, అంతే. కత్తితో కోస్తే రుచి చస్తుందంటుంది. ఆమె చేతులు వణుకుతాయి కాబట్టి ఆ పగలగొట్టే పని కూడా నాదే.

సర్కారు దవాఖానా డాక్టరు మాత్రలిచ్చి, గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి రోజూ కొంచెం పైకి జరపమన్నాడు. జరిపాను. ఎంత దాకా చేరిందో మా ఆయన బొగ్గుతో గీత పెట్టేవాడు. ఆ గీత నెలల తరబడి అక్కడే కూర్చుంది. ఈ చెయ్యి ఇక ఇంతేనేమోనని నిజంగానే భయపడ్డాను. అప్పుడే మా బడిలో ఒకావిడ, వికారాబాద్‌లో హోమియో డాక్టరమ్మ ఉంది, చూపించుకోమంది. ఆ తియ్యటి గోళీల మీద నాకు నమ్మకం లేదు. కానీ నొప్పితో ఉన్న మనిషి నమ్మకాలు చూసుకుంటూ కూర్చుంటుందా? సెలవు రోజు చూసుకుని రైలెక్కాను.

ఆ డాక్టరమ్మ నా భుజాన్ని చూసింది తక్కువ, నన్ను అడిగింది ఎక్కువ. ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, చలికి ఓర్చుకోలేవా ఎండకా, కోపమొస్తే అరుస్తావా మింగుతావా? "అరుస్తాను," అన్నాను. ఆమె నవ్వింది. ఇన్నేళ్ల కాపురంలో ఎవరూ అడగని సంగతులు ఒక్క పూటలో అడిగింది. అక్కడే సగం తేలికయ్యాను. చిన్న సీసాలో తెల్ల గోళీలు పోసిచ్చి, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, కర్పూరం దగ్గరికి రానివ్వొద్దంది. గోడ కసరత్తు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చి ఆ పత్యం గురించి చెబితే అత్తమ్మ శ్రద్ధగా విన్నది.

"ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. గంతేనా బిడ్డా? ఇంకేం లేవా?"

గంతేనన్నాను.

ఆ మర్నాటి నుంచి ఆమె తిండి తగ్గింది. అప్పటికే రొట్టెలు బయట కొనుక్కొస్తున్నాం. సగం రొట్టె పప్పులో అద్దుకుని తిని లేచిపోయేది. ఇంకొకటి తినమంటే, "కడుపుల జాగ లేదు," అనేది. కొన్న రొట్టెలు ఆమెకు గొంతు దిగడం లేదని నాకు నేనే తేల్చేసుకున్నాను. తేల్చుకున్నాక కోపమొచ్చింది. చెయ్యి బాగుండీ నేనేమైనా దాచుకుని కూర్చున్నానా? మా ఆయన కరణ్‌కోట ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఇంట్లో కాలు పెట్టగానే అందుకున్నాను.

"మీ అమ్మ నామీద అలిగింది. నా చెయ్యి బాగయ్యేదాక గిట్లనే ఎండుతదట."

"గామె ఎందుకు అలుగుతది? జర నువ్వే అడుగరాదు?" అన్నాడాయన.

నేను అడగలేదు. బుట్టలో ఉల్లిగడ్డలు మొలకలెత్తుతున్నా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

చలికాలం పోయేసరికి గోడ మీద గీత మెల్లగా పైకి జరిగింది. గోళీల వల్లో, కసరత్తు వల్లో, భుజమే విసిగిపోయి నన్ను వదిలేసిందో ఇప్పటికీ చెప్పలేను. డాక్టరమ్మకు చూపించడానికి బయలుదేరుతుంటే అత్తమ్మ తానూ వస్తానని చెప్పులేసుకుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, బయట మేస్తున్న గొర్రెలు బక్కగా ఉన్నాయని దారిపొడుగునా వాటి కాపరులను తిట్టింది.

"పత్యం సరిగ్గా ఉంటున్నావా?" డాక్టరమ్మ నన్నడిగింది. జవాబు మాత్రం అత్తమ్మ చెప్పింది.

"మస్తు పక్కాగ ఉన్నం అమ్మా. కొడుకు డ్యూటీల తింటడేమో నాకెరుక లేదు గని, నేనైతే ఉల్లిగడ్డ వాసన గూడ చూడలే."

"మీరెందుకమ్మా మానేశారు? మందు వేసుకునేది కోడలు కదా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది అత్తమ్మ.

"మందల ఒక్క గొర్రెకు రోగమొస్తె ఇంటిల్లిపాది పత్యముంటం. ఉల్లిగడ్డ కొయ్యం, తాలింపు పెట్టం. ఒక్కలు తిన్నా జీవానికి తగులుతది. గొర్రెకే ఉంటిమి, బిడ్డకు ఉండమా?"

అలిగిందనుకున్న మనిషి ఇన్నాళ్లూ నా కోసం నోరు కట్టుకుంది. ఆ గదిలోనే ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "మీరు తినండమ్మా, ఆమె మందుకు ఏం కాదు," అన్నది. అత్తమ్మ తలూపింది గానీ నమ్మలేదు. తిరుగు రైల్లో, "డాక్టర్లు గట్లనే అంటరు," అని కొట్టిపారేసింది.

ఆ సాయంత్రం జొన్నపిండి కలిపాను. వద్దంటున్నా వినకుండా రెండు రొట్టెలు కొట్టాను. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. మొలక రాని ఉల్లిగడ్డ ఒకటి వెతికి బండ మీద పెట్టి, కుడి పిడికిలి ఎత్తాను. భుజం కలుక్కుమంది. అయినా చెయ్యి చెవి దాటింది. దించాను. ఉల్లిగడ్డ పగిలింది.

అత్తమ్మ దాన్ని చూడలేదు. నా చేతినే చూసింది. "లేసిందే!" అన్నది. కానీ పళ్లెం ముట్టుకోలేదు.

"ఇంకా జర నొప్పి మిగిలింది గదా బిడ్డా. మొత్తం పోయినంక తింట."

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. అందుకని ఉల్లిగడ్డలోంచి ఒక పొర తుంచి నేనే నోట్లో వేసుకున్నాను.

"అయ్యో, మందు ఖరాబైతది! ఉమ్మెయ్!" అంటూ వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"అయితె అయింది. ఇగ నువ్వు పత్యమున్నా ఫాయిద లేదు. తిను అత్తమ్మా."

తిట్టింది. గట్టిగానే తిట్టింది. తిడుతూనే కూర్చుని రొట్టె తుంచింది. రెండోది కూడా అయ్యాక ఖాళీ పళ్లెం నావైపు జరిపి, "ఇంకొకటి కొడ్తవా, నొస్తదా?" అని అడిగింది.

నొప్పి ఉంది. పిండి దగ్గరికి జరిగాను.