తుమ్మెద ముందొచ్చింది

ఇది ఒక మహాసంగ్రామ గాథ. కొడకండ్ల దగ్గర ఒకే ఒక్క స్త్రీ ఊరంతటికీ ఎదురు నిలిచిన కథ. అలా మొదలుపెడితే బాగుండేది గానీ, ఆ రోజు అక్కడ ఎవరూ ఎవరికీ ఎదురు నిలవలేదు. నేనొక్కణ్ణే నిలబడ్డాను, అదీ కూర్చోవడానికి నీడ లేక.

ఇవాళ మహబూబాబాద్‌లో బస్సెక్కగానే అదంతా గుర్తుకొచ్చింది. నా పక్క సీట్లో ఒక అవ్వ, ఆమె ఒళ్లో తంగేడు పువ్వుల మూట. బస్సు కదలకముందే కిటికీలోంచి ఒక నల్ల తుమ్మెద దూరి, మూట మీద వాలి, ఒక పువ్వును కాళ్లతో పట్టుకుని జుమ్మని దులపసాగింది. ఆ చప్పుడుతోపాటే బాలమణక్క గొంతు చెవిలో పడింది: "ఇను తమ్మీ. తంగేడుల తేనె ఉండది. పుప్పొడి గిట్ల దులిపితెనే రాలుతది."

బాలమణక్క నా మొదటి బాస్. పశువులు మేసి మేసి బోడిగా మారిన పంచాయతీ భూమిలో మళ్లీ గడ్డినీ అడవిపూలనూ పెంచే పని ఆమెది. సంచులు మోసే పని నాది. డిగ్రీ పట్టుకుని చేరిన రోజునే భూమాతను కాపాడతానని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె మొత్తం విని, టోపీ తెచ్చుకున్నవా అని అడిగింది. తెచ్చుకోలేదు. సాయంత్రానికి భూమాత బాగానే ఉంది, నాకే ఎండదెబ్బ తగిలింది.

కొన్ని వానకాలాలకు ఆ నేల తేరుకుంది. గడ్డి మధ్య గునుగు తెల్లగా, తంగేడు బంగారంలా పూసింది. సీతాకోకలు వచ్చాయి, తేనెటీగలు వచ్చాయి. వాటి వెనకే బతుకమ్మ పండుగా వచ్చింది. చిక్కంతా అక్కడే. పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టీ కొట్టీ ఊళ్లో బతుకమ్మ పేర్చే గునుగు కరువైంది. ఉన్నదంతా మా దగ్గరే. ఊరంతా కోసుకుపోతే గింజ మిగలదు, మొగుళ్లపల్లిలో మాకిస్తామన్న భూమిలో చల్లడానికి ఏమీ ఉండదు. కోయనివ్వకపోతే ఊరికి కోపమొచ్చి ఈ భూమే నీలగిరి తోటకు పోతుంది. పంచాయతీలో ఆ మాట అప్పటికే నడుస్తోంది.

నేను ఎర్రరంగుతో "పువ్వులు కోయరాదు" అని బోర్డు రాశాను. అక్క దాన్ని బోర్లా వేసి, మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని తిన్నది.

పండుగనాడు పొద్దున్నే ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు. ఊరి బతుకమ్మలకు పెద్దదిక్కయిన లచ్చవ్వ గేటు దగ్గరే ఆగింది.

"ఏందే బాలమణీ, పువ్వుకు గూడ తాళమేసినవా?"

"తాళమెందుకే అవ్వా, తెంపుకోండ్రి. తుమ్మెదనో తేనెటీగనో వాలిన కొమ్మను మాత్రం ఇడిసిపెట్టుండ్రి. అది మీకంటె ముందొచ్చింది."

"అంటే రేషన్ దుకాణంల తీర్గ లైన్ల నిలబడాల్నా?"

"దానికి కార్డు లేదే అవ్వా. జర కనికరించు."

నవ్వుకుంటూ లోపలికి పోయారు. ఇక గింజ మీద ఆశ వదులుకున్నాను. కానీ ఎండ ఎక్కేకొద్దీ పురుగులూ ఎక్కువయ్యాయి. ఏ కొమ్మ వంచినా ఏదో ఒకటి ముందే వచ్చి కూర్చుని ఉంది. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకున్నారు. లచ్చవ్వయితే తన కోడలినే, "ఆ కొమ్మ ఇడువు, చుట్టమొచ్చిండు" అని గదిమింది. బుట్టలు నిండాయి, సగానికి పైగా పూత మిగిలింది. ఇలా జరుగుతుందని ముందే తెలుసా అని అక్కను అడిగాను.

"తెల్వదు. ఏదో ఒకటి అనాలె గదా," అంది.

నిరుడు చలికాలంలో అక్క పోయింది. దినాలకు వచ్చిన లచ్చవ్వ, తుమ్మెద వాలిన పువ్వు తెంపొద్దన్నది తాతల నాటి ఆచారమనీ, బాలమణి దాన్ని చక్కగా నిలబెట్టిందనీ నాతో చెప్పింది. నేను కాదనలేదు. అక్క ఉన్నా కాదనేది కాదు.

ఆ కొడకండ్ల నేల గింజలే ఇప్పుడు మొగుళ్లపల్లిలో మొదటిసారి పూశాయి. రేపు పండుగ పొద్దున అక్కడి గేటు దగ్గర నిలబడి ఆ మాట నేను చెప్పాలి. అక్కలా తేలిగ్గా అనడం ఎట్లాగో తెలియక దారి పొడుగునా గొణుక్కుంటున్నాను. అంతలో ముందు సీటు పిల్ల వెనక్కి తిరిగి, మూట మీది తుమ్మెదను కొట్టబోయింది. అవ్వ చెయ్యి అడ్డుపెట్టింది.

"ఉండనీ బిడ్డా. అది ముందొచ్చింది."

మీదే ఊరు అవ్వా అని అడగబోయాను. ఈలోగా కండక్టర్ వచ్చాడు. ఈ బస్సు మొగుళ్లపల్లికి పోదట. హనుమకొండలో దిగి మారాలి.