శనివారం ఒక్కపొద్దు, నా ఎడమ కన్ను

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు సేల్స్‌మన్‌ని. మాది పోచంపల్లి నేత కుటుంబం. రంగు చూసి చెప్పడమే నా బతుకు. ఆ రోజు ఒకావిడ నీలం చీర అడిగితే నల్లది పరిచాను. "కండ్లు ఎటు పెట్టినవన్నా?" అంది. నవ్వేశాను గానీ భయం పట్టుకుంది. ఎడమ కంటి ముందు ఏదో మసక.

ఎల్‌బీ నగర్‌లో కంటి దవాఖానకు వెళ్తే డ్రాప్స్ వేసి స్కాన్ తీశారు. "షుగర్ వల్ల రెటీనాలో బ్లీడింగ్ అయింది. కంట్రోల్ కాకపోతే రెండోదీ దక్కదు" అన్నాడు డాక్టర్. లేజర్ చేశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. తిండి అలవాట్లు మార్చుకోమని కౌన్సెలర్ దగ్గరికి పంపారు.

ఆ మేడమ్‌ది విజయవాడ వైపు. డైట్ చార్ట్ ఇస్తుందనుకుంటే, "షాపులో చాయ్ తాగేముందు మనసులో ఏమనుకుంటారండీ?" అని అడిగింది.

"ఏమనుకుంటం మేడం? చీరలు కొననొచ్చిన పార్టీతో తాగకుంటే మర్యాదగుండదు. ఎట్లాగూ శనివారం ఒక్కపొద్దుంట, వారం తిన్నదంతా సాఫ్ అయితది."

ఆవిడ నవ్వలేదు. "మరి శనివారం సాయంత్రం ఏం తింటారు?"

కర్మన్‌ఘాట్ హనుమాన్‌కు మొక్కి వచ్చాక పూరీలు, అరటిపండ్లు, సేమ్యా పాయసం. చెబుతుంటే నాకే సిగ్గేసింది. అలాంటి ఆలోచనను పట్టుకుని ఇది నిజమేనా అని అడగడమే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి అంది. చాయ్ పార్టీకిచ్చి, నన్ను మంచినీళ్ల గ్లాసు పట్టుకోమంది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత పెళ్లి చీరలకొచ్చిన ఒక పార్టీ లడ్డూల డబ్బా తెచ్చింది. ఒకటి తిన్నాను. ఎలాగూ చెడింది కదా అని ఇంకా తింటూనే పోయాను. ఆ పాపం పోవాలని శనివారం షుగర్ టాబ్లెట్లు వేసుకుని ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం పరిచిన చీరల మీదే పడిపోయాను. లో షుగర్. దవాఖానలో నా భార్య ఏడుస్తూ తిట్టింది: "గా దేవుడు నిన్ను సావుమన్నడా? గా మేడం చెప్పింది జర ఇనరాదు?"

మేడమ్ మాత్రం ఒకటే అంది: "ఒక్క లడ్డూతో రోజంతా పాడైపోదండీ."

ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది. ఎడమ కంటికి చూపు రాదని చెప్పేశారు. కుడి కన్ను దక్కింది గానీ ముదురు రంగుల దగ్గర మోసం చేస్తుంది. "బయట ఎండల జర మీరే చూస్కోండమ్మా" అంటుంటాను. ఇన్నాళ్లూ నా మాట మీదే చీర కొన్నవాళ్లతో అలా అనాల్సి వచ్చినప్పుడల్లా ప్రాణం పోయినట్టుంటుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. నోట్లో పెట్టుకునేముందు మనసు చెప్పే సాకును ఇంట్లోవాళ్లకు వినబడేలా పైకి అనండి. నా సాకు లోపల ఉన్నంతసేపు దాన్ని భక్తే అనుకున్నాను. అది బయటికొచ్చేసరికి ఒక కన్ను పోయింది.