యాభై అన్న మనిషి

నంద్యాలలో ఒక షేర్ బ్రోకర్ ఆఫీసులో నాలుగేళ్లు పనిచేశాను. విత్తనాల అంగడి పైన రెండు గదులు. కస్టమర్లు ఫోన్లో చెప్పే ఆర్డర్లను ఒకామె కంప్యూటర్లో కొట్టేది. వాటిని కనిపెట్టి చూడటం నా పని. ఎవరి ఆర్డరైనా వాళ్లు మామూలుగా కొనేదానికంటే మరీ పెద్దదైతే నా స్క్రీన్ మీద ఎర్రగా ఆగిపోయేది. ఆ మనిషికి ఫోన్ చేసి, అవునంటేనే వదిలేదాన్ని.

ఇది ఒక రైస్ మిల్లు యజమానికి గిట్టలేదు.

"ఏందమ్మా, నా దుడ్లతో నేను కొంటాంటే నిలబెట్టేదానికి నువ్వెవరు?" అని నా మీద అరిచి, మా ఓనరుకు ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా ఓనరు అందరి ఆర్డర్లకూ ఆ అడ్డు తీసేయమన్నాడు.

"ఆయనొక్కనికే తీద్దాం సార్. మిగతావాళ్లకెందుకు?"

"చెప్పింది చెయ్ మా."

తీసేశాను. అందుకు నా మీద నాకే ఇంకా కోపం.

రెండు వారాలకు ఆళ్లగడ్డలో గాజుల అంగడి నడిపే పెద్దాయన ఫోన్ చేసి యాభై షేర్లు కొనమన్నాడు. ఆర్డర్లు కొట్టే ఆమె ఒక సున్నా ఎక్కువ కొట్టింది. నేను చూసి కేక వేసేలోగా ఐదు వందలు కొనేశాం. ఎక్కువైనవి వెంటనే అమ్మేద్దామని నేనంటే, "ఉండు, రేటు పెరుగుతాది," అన్నాడు ఓనరు. పెరగలేదు. మధ్యాహ్నానికి బాగా పడ్డాక అమ్మమన్నాడు.

మరుసటి రోజు, తన ఖాతాలో పడిన నష్టం తెలిసి పెద్దాయన బస్సెక్కి వచ్చాడు. ఓనరు తడుముకోకుండా, "మీరే ఐదొందలన్నారు భాయ్," అన్నాడు.

ఆయన ముఖం వాడిపోయింది. గొడవ పడలేదు. నా వైపు తిరిగి, "నేను యాభై అనల్యామ్మా?" అని అడిగాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. ఓనరు కళ్లెర్ర చేస్తున్నా ఆ కాల్ రికార్డింగ్ తీసి, స్పీకర్లో గట్టిగా పెట్టాను. "యాభై. యాభై చాలమ్మా," అన్న ఆయన గొంతు గదంతా వినిపించింది.

"ఏదో సిస్టం తప్పులే," అన్నాడు ఓనరు.

"సిస్టం ఆపేది సార్. ఆపొద్దని మనమే తీసేసినాం," అన్నాను, పెద్దాయన ముందే.

నష్టం ఓనరే కట్టాడు. అడ్డు మళ్లీ పెట్టించాడు. పెద్దాయన ఖాతా మూసుకుని వెళ్లిపోయాడు, నెలాఖరుకు నేనూ మానేశాను. అంత వయసు మనిషిని తన మాటను తానే అనుమానించుకునేలా చేసి, "తప్పయింది భాయ్" అని ఒక్క ముక్క అనలేదు మా ఓనరు. ఎప్పుడు గుర్తొచ్చినా నాకు రక్తం ఉడికిపోతుంది.