మంత్రి పథ్యం, నా పహారా

మా ఇంట్లో సీసీ కెమెరా ఇప్పటిదాకా పట్టుకున్నది ఒకే ఒక్క దొంగను. ఆ దొంగ ఎవరో చెప్పుకునే ధైర్యం నాకు ఇన్నాళ్ళకు వచ్చింది. హాయిగా నవ్వుకోండి, కానీ మా అవ్వ ముందు మాత్రం నవ్వకండి. ఆవిడ కథంతా మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది.

మాది చేవెళ్ల నుంచి మొయినాబాద్ పోయే దారిలో ఒక ఊరు. నేను ప్లాట్లు అమ్మిపెడుతుంటాను. ఇంట్లో బాపు, అవ్వ అని నేను పిలుచుకునే మా అమ్మ, నేను, మంత్రి. మంత్రి అంటే మా కుక్క. పక్క ఫామ్‌హౌస్ వాళ్ళు ఖాళీ చేసి పోతూ ఇచ్చిన లాబ్రడార్ పిల్ల. అప్పుడే వార్డు మెంబరుగా పోటీ చేసి ఓడిపోయి ఉన్న మా బాపు, "మనింట్ల మంత్రి గావాలంటే గిదొక్కటే తొవ్వ" అని ఆ పేరు ఖాయం చేశాడు.

ఒక ఎండాకాలం మంత్రి గోక్కోవడం మొదలుపెట్టాడు. పొట్ట పుండైంది, చెవులు ఎర్రబడ్డాయి, కాళ్ళ వేళ్ళను కొరుక్కుంటూ కూర్చునేవాడు. తోక ఊపడం కూడా మానేశాడు. మొయినాబాద్‌లో పశువుల డాక్టరమ్మకు చూపించాను.

"తిండి పడటం లేదేమో. నా అనుమానం చికెన్ మీద," అన్నదావిడ. "రెండు నెలలు చేప, చిలగడదుంప తప్ప ఇంకేదీ నోట్లోకి పోవద్దు. చిన్న ముక్క కూడా. వారానికోసారి ఈ షాంపూతో స్నానం. బయట తిరిగొస్తే కాళ్ళు తుడవాలి. దురదకు రోజూ ఈ మాత్ర."

"మీరేం ఫికర్ జెయ్యకుండ్రి మేడం. నేనున్న గదా!" అన్నాను. గుర్తుపెట్టుకోండి, ఈ మాటతో ముందు ముందు పని ఉంది.

ఇంటికి రాగానే అవ్వతో పేచీ మొదలైంది. తాను తినే ముందు కుక్కకు ఒక ముద్ద పెట్టడం ఆవిడకు పెళ్ళి కాకముందు నుంచీ అలవాటు.

"ఇంటి కుక్కకు ముద్ద బెట్టకుండ నేనెట్ల తినాలె బిడ్డ?"

"రెండు నెలలే అవ్వా."

"దాని మొఖం జూసినవా?"

"మొఖం గాదు, పొట్ట జూడు!"

పొట్ట చూసింది. ఇంకో మాట లేకుండా ముద్ద ఆపేసింది. ఆనాటి నుంచి పళ్ళెం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. సగం తిని లేచేది.

ఇక ఊరివాళ్ళ సంగతి చూడాలి కదా. మంత్రికి ఎదురొచ్చిన ప్రతివాడూ బిస్కెట్టో మాంసం బొక్కో విసిరేవాడు. ప్లాట్లు అమ్మేవాడికి తోచే ఉపాయం ఒక్కటే: ఫ్లెక్సీ. మంత్రి ఫోటో పెద్దగా వేయించి, కింద "దయచేసి ఏమీ పెట్టవద్దు" అని రాయించాను. ఖాళీ ఎందుకని కొట్టువాడు ఫోటో చుట్టూ పూలదండ కూడా వేసి ఇచ్చాడు. బాగుందనుకుని గేటుకు కట్టాను.

గంట కూడా కాలేదు, పక్కింటి మల్లన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"అయ్యో, నిన్ననే గదనే నా ఎంబడి వచ్చె! ఎప్పుడు బోయిండు?"

శంకర్‌పల్లి నుంచి మా మేనత్త ఫోన్. "దినం ఎన్నడు రా? నన్ను రమ్మంటరా?"

చచ్చిపోయినవాడేమో గేటు దగ్గరే కూర్చుని వచ్చినవాళ్ళందరి చెప్పులూ వాసన చూస్తున్నాడు. బాపు వాకిట్లో నిలబడి జనాన్ని చూసి నిట్టూర్చాడు. "నేను ఎలచ్చన్ల నిలబడ్డప్పుడు గూడ గింతమంది రాలే."

సరే, ఊరంతటికీ విషయం తెలిసింది. ఒక్క చెయ్యి కూడా ఏమీ పెట్టడం లేదు. చేప నేనే ఉడికిస్తున్నాను, ముల్లు నేనే తీస్తున్నాను, కాళ్ళు నేనే తుడుస్తున్నాను. మాత్ర మింగించడంలో అయితే నా అంతటివాడు లేడు. డబ్బా చప్పుడు వింటే చాలు, మంత్రి ఎగిరి నా మీద పడేవాడు.

నెల గడిచినా గోకుడు తగ్గలేదు. చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఊరు పెట్టడం లేదంటే ఇంట్లోనే ఎవరో పెడుతున్నారు.

"అవ్వా, నిజం జెప్పు. ముద్ద బెడ్తున్నవా?"

"నేనేం బెట్టలే బిడ్డ."

"మరి చెవులెందుకు గట్లయితయి?"

"నాకేమెరుక? నీ దుంపనడుగు," అని అవతలికి వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకైతే అది దొంగతనం ఒప్పుకున్నట్టే కనిపించింది. వెళ్ళి సీసీ కెమెరా తెచ్చి వంటింట్లో బిగించాను. కన్నతల్లి మీద! మీరు తిట్టుకోవచ్చు, నేనేమీ అనుకోను.

వారం తర్వాత మంత్రినీ అవ్వనూ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. సాక్ష్యం పెద్దల సమక్షంలోనే బయటపడాలని వీడియో ముందుగా చూడను కూడా లేదు.

"జూడుండ్రి మేడం," అని గర్వంగా ఫోన్ ముందు పెట్టాను.

తెర మీద అవ్వ పళ్ళెంతో కూర్చుంది. మంత్రి వచ్చి గోడకూ ఆవిడకూ మధ్య దూరి ఎదురుగా చతికిలబడ్డాడు. అవ్వ రెండు చేతులూ విప్పి చూపించింది. "నా తాన ఏం లేదు మంత్రి. అన్న వద్దన్నడు. నీ పొట్ట మానినంక పెడ్త. నాగ్గూడ తినబుద్ధయితలేదు రా," అని పళ్ళెం పక్కకు జరిపింది.

అవ్వ వైపు చూడలేకపోయాను. ఫోన్ ఆపేద్దామనుకునేలోపే తెర మీదికి నేను వచ్చాను. మంత్రి గాల్లోకి లేచాడు.

"ఆగండి," అన్నది డాక్టరమ్మ. "మీ చేతిలో ఏంటది?"

"మాత్ర మేడం."

"మాత్ర అంత ఉండదే?"

"ఉత్తగిస్తె మింగడు మేడం. కార్జంల బెట్టి ఇస్త."

"దేని కార్జం?"

మంత్రి నన్నే చూస్తున్నాడు. ఆ మాట వాడికి బాగా తెలుసు.

"కోడిది," అన్నాను.

నమ్మండి, అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు. నా లెక్కలో అది మందు, తిండి కాదు. రోజూ తెల్లారగానే చికెన్ కొట్టుకు పోయి, తాజా కార్జం ఏరి మరీ తెచ్చాను.

"నేనున్నా కదా అన్నారే!" అంటూ డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అవ్వ నెమ్మదిగా అడిగింది: "మేడం, ఆ రెండు నెలల పథ్యం మళ్ల మొదటిసంది పట్టాలెనా?"

"పట్టాలమ్మా."

అవ్వ నావైపు తిరిగి, "ఏమాటకామాటే బిడ్డ, కెమెరా మంచిగ పనిజేస్తున్నది," అన్నది.

ఈసారి మాత్ర చిలగడదుంపలోకి మారింది. మాత్ర ఇచ్చే ఉద్యోగం అవ్వకు మారింది. మంత్రి పొట్ట మానింది, వెంట్రుకలు నిగనిగలాడాయి, తోక మళ్ళీ ఊగింది. ఆ రోజు అవ్వ చేపా దుంపా కలిపి తన చేత్తో ఒక ముద్ద పెట్టి, గోడవైపు కాకుండా మావైపు తిరిగి కూర్చుని పళ్ళెం ఖాళీ చేసింది. అది చూశాకే నాకు అన్నం సహించింది.

అందుకే చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ప్రజల సాక్షిగా, నా కాళ్ళ దగ్గర పడుకుని ఉన్న మంత్రి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఈ ఇంట్లో ఏ దొంగతనం జరిగినా, ముందు నా చేతులు నేను వాసన చూసుకుంటాను. ఆ తర్వాతే ఇంకొకరి మీద వేలు చూపిస్తాను.