రబ్బరు మొక్కకు నర్సు

ప్రేమగా చూసుకుంటే ఏ మొక్కయినా బతుకుతుందని అంటారు. ఆ మాటను కాదనేవారు తక్కువ. చూసుకోవడమంటే ఏం చేయడమో అడిగేవారు ఇంకా తక్కువ.

సిస్టరమ్మ కూడా అడగలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆమెది పెద్దాసుపత్రిలో మంచం దిగలేని రోగుల వార్డు. పదవీ విరమణ చేసినా వీధిలో అందరికీ ఆమె సిస్టరమ్మే. ఆమె చేతులకు మాత్రం ఆ విరమణ కబురు అందినట్టు లేదు. సర్దిన దుప్పటినే మళ్లీ సర్దేవి, తుడిచిన గట్టునే మళ్లీ తుడిచేవి. కుర్చీలో కూర్చుంటే ముళ్లమీద కూర్చున్నట్టుండేది.

ఆ ఇంట్లో సిస్టరమ్మ అక్క తన రబ్బరు మొక్కను తెచ్చి దించింది. మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ నడిచేదాకా కూతురి దగ్గర ఉండబోతోంది.

"జాగ్రత్తే. మీ బావ చేత్తో నాటినవాటిలో ఇదొక్కటే మిగిలింది నాకు."

"మనుషుల్నే లేపి నిలబెట్టానక్కా, దీనిదేముంది!"

ఆ రోజు నుంచే సేవ మొదలైంది. మొక్క వెలుతురు వైపే ఒరిగిపోకుండా పొద్దున ఒక పక్కకు, మధ్యాహ్నం మరో పక్కకు తిప్పేది. గాలి తగలాలని వరండాలోకి మోసేది, ఎండ ఎక్కువైందని హాల్లోకి తెచ్చేది. దళసరి ఆకులను అడుగువైపు కూడా తడిగుడ్డతో, రోగి వీపు తుడిచినట్టు తుడిచేది. మట్టి పైపొర ఆరీ ఆరకముందే నీళ్లు పోసేది. వార్డులో పక్క మార్చకపోతే రోగికి వీపు పుండు పడుతుంది. ఆ భయం ఆమె ఎముకల్లో ఇంకిపోయింది.

"సిస్టరుగారూ, మీ పేషెంటుకి కాస్త కునుకు తీసే యోగం ఉందా?" అన్నాడు పేపరు చాటునుంచి భర్త.

"మీ కునుకు సరిపోదూ ఈ ఇంటికి? కాళ్లు తియ్యండి, కుండీ అటు జరపాలి."

కింది ఆకు పసుపుబారి రాలింది. తర్వాత పచ్చగా ఉన్నదే ఒకటి టప్పున నేలమీద పడింది. ఆకులు రాలేకొద్దీ ఆమె సేవ పెరిగింది, సేవ పెరిగేకొద్దీ ఆకులు రాలాయి. అంతలో అక్క ఫోను.

"ఎలా ఉందే నా మొక్క?"

"కోలుకుంటోందక్కా."

"కోలుకోవడమేంటే! దానికేమైంది?"

"ఏం కాలేదు. అలవాటులో అలా వచ్చేసింది."

ఫోను పెట్టేసింది. వేరు కుళ్లిందేమోనని నేలమీద పాత పేపరు పరిచి, కుండీని ఒరిగించి, మొక్క మొదలు పట్టుకుంది.

"మొన్ననేగా పీకి చూశావు?" అన్నాడు భర్త.

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

అన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ ప్రశ్న ఆమె ఒకప్పుడు విన్నదే. కొలువులో చేరిన కొత్తల్లో, కాలిన కాలికి కొత్త చర్మం అతికించిన పిల్లవాడి తల్లి ఆ మాటే అంటూ కట్టు విప్పబోయింది. "చూస్తే అతకదమ్మా, కదపకుండా ఉంచడమే మందు" అని ఆ తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది తనే.

ఆమె కుండీని నిలబెట్టి, మొదట ఉన్న కిటికీ పక్కనే పెట్టింది. దాంతో మనసు కుదుటపడిందని రాస్తే అబద్ధమవుతుంది. తెలిసింది ఆమెకు, ఆమె చేతులకు కాదు. మర్నాడు పొద్దున్నే తడిగుడ్డతో మొక్క ముందు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో ఆమెకే తెలియలేదు. తను ఇంట్లో ఉన్నంతసేపూ దానికి నిమ్మళం ఉండదని అప్పుడు ఒప్పుకుంది.

మొదట అక్కకు ఫోను చేసి, ఆకులు రాలిన సంగతీ, రాల్చింది తానేనన్న సంగతీ చెప్పింది.

"ఇంతకీ బతుకుతుందా?"

"తెలీదక్కా. నేను మాత్రం ఇక ముట్టుకోను."

తర్వాత భర్తను పిలిచి, మట్టిలోకి వేలు పెడితే లోపల కూడా పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయమని, అంతకుమించి ఏమీ చేయవద్దని అప్పగించింది. ఏమీ చేయకపోవడం తనకు వెన్నతో పెట్టిన విద్యేనని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. చీర మార్చుకుని పెద్దాసుపత్రికి వెళ్లి, పాత వార్డులోనే పూట పని అడిగింది. రోగులకు పక్క మార్చే మనిషి ఎప్పుడూ కావాలన్నారు. ఆ పూటే పనిలో చేరింది.