ఇప్పచెట్టు కింద పెద్దాయన

పదిహేనేళ్లుగా కరీంనగర్‌లో పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. నా కెమెరా ప్లాస్టిక్ పూలు తప్ప వేరే పువ్వు ఎరగదని మా చెల్లె ఎక్కిరించింది. రోషమొచ్చింది. తెల్లవారుజామున ఇప్పపూలు వానలా రాలతాయని విన్నాను. ఆ ఒక్క ఫొటోతో దాని నోరు మూయించాలని హోళీ అయిన వారానికి బయల్దేరాను.

ఆరింటి బస్సెక్కితే లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు చేరేసరికి పదిన్నర దాటింది. టికెట్టు మూడు వందల లోపే. అక్కడి నుంచి రెండు వందలకు ఆటో మాట్లాడుకొని గుట్ట కింది గోండు గూడెంలో దిగాను. భోజనం, పడక సోంబాయి ఇంట్లో దొరుకుతాయని ఆటో ఆయనే చెప్పాడు. ఆమె పెట్టిన జొన్నరొట్టె, పప్పు తిని, ఆమె వెనకాలే గుట్టెక్కాను. దారి పొడుగునా మోదుగులు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా విరగబూశాయి. బండల మధ్య కొండగోగు పూలు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. అరగంట నడిచాక వాళ్ల ఇప్పచెట్టు వచ్చింది. అంత ఉక్కలోనూ సోంబాయి తల మీది కొంగు ఒక్కసారైనా జారనివ్వలేదు.

పొద్దుగూకాక ఇంటి దగ్గర ఆమె ఒక మాట చెప్పింది. "రేపు తొందరపడకు సారూ. ముందుగాల పెద్దాయన తిని పోవాలె. గాయన పోయినంకనే, ఏడింటికి మనం పోవాలె."

గూడెం పెద్దమనిషికి మొదటి పూలు ఇచ్చే మర్యాద కాబోలు అనుకున్నాను. ఆమె చెప్పినట్టు ఏడింటికి పోతే నాకు కావలసిన వెలుగు ఉండదు. ఒక నమస్కారం పెట్టి బతిమాలితే ముసలాయన కాదంటాడా? ఐదున్నరకే ఒక్కణ్నే బయల్దేరాను.

చేరేసరికి మసక వెలుగులో పూలు టపటపా రాలుతున్నాయి. చెట్టు కింద నల్ల గొంగడి కప్పుకొని ఎవరో వంగి తింటున్నారు. ఇంత పొద్దున్నే ఎలా వచ్చాడో పాపం అనిపించింది. నాలుగడుగులు దగ్గరికి పోయి, "పెద్దాయనా, నమస్తే" అన్నాను.

గొంగడి లేచి నిలబడింది. దానికి పొడుగాటి మూతి ఉంది, చేతులకు వంకర గోళ్లున్నాయి. చచ్చానే అనుకున్నాను.

వెనక నుంచి డబ్బా మోత వినిపించింది. నా మంచం ఖాళీగా ఉండడం చూసి సోంబాయి ఉరికొచ్చింది. "ఉరకకు సారూ, నిలబడు" అంటూ నా ముందుకొచ్చి డబ్బా వాయించింది. అది బుస్సుమని, నాలుగు కాళ్ల మీదికి దిగి పొదల్లోకి పోయింది.

పేరెత్తితే ఎదురొస్తుందని గుడ్డెలుగును వాళ్లు పెద్దాయన అంటారట. ముందే చెప్పొచ్చు కదా అని ఆమె మీదే కోప్పడ్డాను, సిగ్గులేకుండా. ఆమె కొంగు పక్కకు జరిపింది. ఎడమ చెవి లేదు.

"నేను సుత ఆగలే సారూ. గీ చెట్టు కిందనే" అని, పూలు ఏరుకోవడానికి కూర్చుంది.

ఫొటో తీయలేదు. పది రోజులైనా నల్ల గొంగడి కనబడితే గుండె ఝల్లుమంటోంది. ఎలుగు ఎదురుపడటం కన్నా నన్ను ఎక్కువ నివ్వెరపరిచేది ఇంకొకటి ఉంది. చెవి పోగొట్టుకున్న చోటికే, చేతిలో ఒట్టి డబ్బాతో, ముందురోజే పరిచయమైన మనిషి కోసం ఆమె ఉరికొచ్చింది. మార్చిలో మీరు ఆ దారిన పోతే ఒంటరిగా గుట్టెక్కకండి. చెట్టు దగ్గరికి పోయే ముందు గూడెంలో ఒక్క మాట అడగండి, పెద్దాయన తిని పోయిండా అని.